రోసి వేసిన తొలి వరుస

నా భార్య రోసి పోయిన రోజు ఆమె పెట్టెలో ఆరు జతల కొత్త మేజోళ్ళు దొరికాయి. గొయ్యి తవ్వినవాళ్ళకీ శవపేటిక మోసినవాళ్ళకీ ఇంట్లో అల్లినవి ఇవ్వడం మా ఆచారం. మనుషులు ఆరుగురు, జతలు ఆరు. ఆలోచించకుండా పంచేశాను. వాటిలో మూడు నా కాలి కొలతకి అల్లినవని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

నా ఎడమకాల్లో ఒకసారి రక్తం గడ్డకట్టింది. అప్పటినుంచి సాయంత్రానికి వాస్తుంది. కొట్లో కొన్న మేజోడు మధ్యాహ్నానికే పిక్కలో దిగబడుతుంది. వదులుగా అల్లింది మడమ మీదికి జారిపోతుంది. రోసి అల్లింది మాత్రం కాలితోపాటు సాగి, విప్పగానే మళ్ళీ దగ్గరికొచ్చేది. కిటుకంతా మొదలు వేయడంలోనే ఉందనేది, అంటే తొలి వరుస కుట్లను సూది మీదికి ఎక్కించే తీరులో. చిరిగిన పాతవాటిని ఆమె పొయ్యిలో వేసేది. ఆమె అలవాటే నాకూ వచ్చి, చలికాలం చివర నా కాళ్ళకున్న జతనీ పొయ్యిలోనే వేశాను. ఇక మిగిలింది ఒంటి మేజోడు. దాని జోడు ఆమె మొదలే పెట్టలేదు. దాన్నే ఎడమకాలికి తొడుగుతూ, ఉతుకుతూ ఏడాది నెట్టుకొచ్చాను. మడమ పూర్తిగా పోయాక పక్కింటి సాల్మక్క దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమెకి ఎనభై ఒకటి.

"ఏం యుహాన్, బతికే ఉన్నావా? రెండు రోజులుగా మీ ఇంటి పొగగొట్టంలో పొగ లేకపోతే నీ గొయ్యి తవ్వేవాళ్ళకి అల్లడం మొదలెడదామనుకున్నా."

మేజోడు అంచు పట్టుకుని లాగి చూసింది.

"ఓర్నీ, ఎంత సాగుతోందో! ఇది మన వైపు పని కాదయ్యా. కిహ్ను దీవిది. అందులోనూ మీ అత్తగారు రోసికొక్కదానికే నేర్పి పోయిన పని."

"చూసి వేయలేవా అక్కా?"

"కనబడితేగా! ఉతికి ఉతికి ఊలంతా ముద్దకట్టింది."

అయినా వారంపాటు ప్రయత్నించింది. ఒక రకం కరిచింది. ఒకటి జారింది. ఒకటి బాగానే సాగింది కానీ తిరిగి రాలేదు. లైబ్రరీలో అమ్మాయి కంప్యూటర్‌లో ఇంకో నాలుగు రకాలు చూపించింది. పోలిక ఉంది, అదే కాదు.

"గొయ్యి తవ్వినవాళ్ళలో ఎవర్నైనా ఒక జత అడగరాదూ?" అంది సాల్మక్క.

"సమాధి దగ్గర ఇచ్చింది తిరిగి అడుగుతారా?"

"అడగరులే. నోరుజారాను. అయితే ఇక దీన్ని విప్పడమే. పైఅంచు నుంచి ఊడదు. మడమ పైన కత్తిరించి, కింది నుంచి విప్పుకుంటూ రావాలి. చిట్టచివర మొదలు దగ్గరికి చేరతాం. ఊడేటప్పుడు ఒక్కో కుట్టూ ఒక్కసారే కనబడుతుంది, గుర్తుపెట్టుకో."

కత్తెర ఆమే పట్టుకుంది. అది నాకు చేసిన మేలు.

తొలి వరుస చేరేసరికి సూది మీద అరవై కుట్లు మిగిలాయి. నలభై ఏళ్ళు భూములు కొలిచి పటాలు గీసినవాణ్ణి, ఒక్క ఉచ్చు గీయలేనా అనుకుని కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకున్నాను. నేను లాగుతున్నాను, ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి చూస్తోంది. ముద్దకట్టిన ఊలు కాసేపు మొరాయించి, ఒక్కసారిగా వదిలేస్తోంది. మొదటి పది అలాగే పోయాయి.

"ఆగాగు! బొటనవేలి మీంచి రెండుసార్లు తిప్పింది... కాదు కాదు, కింది నుంచి. ఇంకోటి లాగు."

లాగాను. ఆమె తన ఊలుతో అలాగే తిప్పి చూసింది. కాదు. నా కాగితం మీద ఇరవై బొమ్మలు పడ్డాయి, ఏ రెండూ ఒకలా లేవు.

"ఆవిడ వేస్తుంటే నువ్వెప్పుడూ చూడలేదా?"

"ఎదురుగానే కూర్చునేవాణ్ణి."

"మరి?"

"కబుర్లు చెబుతూ వేసేది అక్కా. మొహమే చూసేవాణ్ణి."

సాల్మక్క కళ్ళద్దాలు తుడుచుకుంది.

పన్నెండు మిగిలినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "చాలించు. ఈ కాస్తన్నా ఉంచుకో."

సూది మీద రెండు వేళ్ళ వెడల్పు అంచు. వేలితో లాగితే సాగింది, వదిలితే దగ్గరికొచ్చింది. అది చేసే పని తెలుస్తోంది, ఎలా చేస్తోందో తెలియడం లేదు.

"ఇంకా పన్నెండుసార్లు చూడొచ్చు కదా," అన్నాను.

ఆఖరి కుట్టు కూడా ఊడి, పోగు తిన్నగా నా చేతికొచ్చింది.

"కనిపించిందా?"

"లేదయ్యా."

కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పడుతోంది. వెలుతురు చాలలేదని అనుకోవడానికి కూడా లేదు.

సాల్మక్క ఆ పోగుని చాలాసేపు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత స్టూలు నా ముందుకి జరిపింది.

"కాలు ఇలా చాపు."

పోగు నా పిక్క చుట్టూ తిప్పి కొలత తీసింది.

"ఎన్ని వేస్తావు?"

"ఎనభై వేస్తాలే. కరవదు."

రోసి వేసినవి అరవై. ఎనభై వేస్తే నాలుగడుగులకే జారుతుంది. ఆ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు. ఒకటి, రెండు అంటూ పైకి లెక్కపెడుతూ సూది మీద కుట్లు వేయడం మొదలుపెట్టింది. ఆమె లెక్క తప్పుతుందని నేను కాలు కదపలేదు.