వేలిముద్రలు పడని మిషనక్క

పదిహేడేళ్ళుగా బట్టలు కుట్టీ కుట్టీ మిషనక్క వేలిముద్రలు అరిగిపోయాయి. పౌరసత్వం ఆఫీసువాళ్ళు చెప్పేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదు. ఎవరికి మాత్రం తెలుస్తుంది చెప్పండి? పొద్దున్నే లేచి వేళ్ళ మీద గీతలు లెక్కపెట్టుకునే తీరిక ఎవరికుంది?

ఈ దేశం వచ్చిన కొత్తలో అద్దెగదిలో పాత కుట్టుమిషనుతో మొదలుపెట్టి, ఇప్పుడు బజారులో సొంత కొట్టు నడుపుతోంది. వీధి వీధంతటికీ ఆమె మిషనక్కే. మొగుడికీ కూతురికీ నిరుడే పౌరసత్వం వచ్చేసింది. ఈవిడ కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి, పరీక్ష కూడా ఒక్క తప్పు లేకుండా పాసయింది. తీరా వేలిముద్రల దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. అద్దం మీద వేలు పెట్టడం, ఎర్రదీపం వెలగడం. రెండుసార్లు ఉసూరుమంటూ తిరిగొచ్చింది. మూడోసారి కూడా పడకపోతే ఫైలు మూసేస్తారట. మళ్ళీ మొదటినుంచీ, అంటే ఇంకో ఆరేళ్ళు. అన్నాళ్ళూ ఏటేటా పర్మిట్టు పొడిగించండి మహాప్రభో అని కాళ్ళరిగేలా తిరగాలి. ఏ ఏడు కుదరదంటారో తెలియదు. మొగుడూ పిల్లా ఇక్కడివాళ్ళయిపోయి, తనొక్కతే చుట్టపుచూపుగా వచ్చినదానిలా మిగిలిపోతుందేమోనని ఆమెకు మహా బెంగగా ఉండేది.

"పదిహేను రోజులు పని ముట్టుకోకపోతే గీతలు మళ్ళీ వస్తాయట. కొట్టు మూసెయ్. ఇంట్లో కూడా పుల్ల తీసి పక్కన పెట్టొద్దు. అన్నీ నేను చూసుకుంటా" అన్నాడు మొగుడు. అతను గోదాములో గుమాస్తా.

చూసుకున్నాడు పాపం. మూడు గిన్నెలు మాడ్చాడు, రెండు గ్లాసులు పగలగొట్టాడు, ఉతికిన బట్టలన్నిటికీ ఒకే రంగు తెప్పించాడు. కూతురు పూటపూటా తల్లి చేతులకు వాజిలిన్ పట్టించేది. మిషనక్కకేమో ఊరికే కూర్చోవడమంటే ప్రాణం మీదికొచ్చినట్టే. కర్టెను అంచు ఊడి వేలాడుతుంటే చూడలేక అటు వీపు పెట్టి కూర్చునేది.

"ఇవి నా చేతులు కానట్టే ఉందండీ" అంది పదోరోజున.

"కాస్త ఓపిక పట్టు. అవి నీవేనని ముందు వాళ్ళు ఒప్పుకోవాలిగా" అన్నాడతను, మాడిన గిన్నె తోముతూ.

పదహారోరోజున ఆఫీసుకు వెళ్ళారు. మొగుణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. లోపల బెంచీ మీద ఆమె పక్కన ఒక పెద్దాయన కోటు బొత్తాం పట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. అది ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది.

"ఇరవైరెండేళ్ళకి పిలిచారమ్మా. ఇంకాసేపట్లో ఫొటో తీస్తారు. ఈ పాడు బొత్తాం ఇవాళే ఊడాలా" అన్నాడు.

మిషనక్క మొహం తిప్పుకుంది. గోడగడియారం చూసింది. నేల మీద పలకలు లెక్కపెట్టింది. లాభం లేకపోయింది. బ్యాగు లోపలి గుడ్డకు ఎప్పుడూ గుచ్చి ఉండే సూది అప్పటికే చేతిలోకి వచ్చేసింది.

"ఇలా ఇవ్వండి బాబాయ్" అంది.

ఇక ఆఖరి ముడి వెయ్యడమే మిగిలిందనగా మైకులో ఆమె నంబరు పిలిచారు. ఉలిక్కిపడింది. సూది ఎడమచేతి చూపుడువేల్లో కసుక్కున దిగింది. ముడి వేసి కోటు ఆయనకిచ్చి వేలు చూసుకుంటే నెత్తురు బొట్టు. బుద్ధి ఉన్న మనిషెవరైనా ఇవాళ సూది పడతారా అని తనను తానే తిట్టుకుంటూ కౌంటరు దగ్గరికి నడిచింది.

వేళ్ళు ఒక్కొక్కటే అద్దం మీద పెట్టించింది కౌంటరులో అమ్మాయి. ఒకటికి రెండుసార్లు పెట్టించినా, మొత్తానికి తొమ్మిదింటికీ పచ్చదీపం వెలిగింది. మిగిలింది ఆ చూపుడువేలే. ఎంత తుడిచినా నెత్తురు ఊరుతూనే ఉంది.

"నెత్తురుతో అద్దం ముట్టుకోకూడదండీ" అంటూ ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి పైఆఫీసరును తీసుకొచ్చింది.

ఆయన వేలు పరీక్షగా చూశాడు. "ఇదివరకు ఈ వేలు పడిందా?"

పడిందని అబద్ధమాడితే పోయేదే. నోరు రాలేదు. "లేదండీ, ఒక్కసారీ పడలేదు. మిషను కింద గుడ్డను నెట్టేది ఈ వేలే. గీతలన్నీ పోయాయి."

ఆయన వంగి ఆ సూదిపోటును మళ్ళీ చూశాడు. "మామూలు వేలు పడకపోతే ఫైలు మూసెయ్యాల్సిందే. గాయమైన వేలికి ఆ రూలు లేదు, తొమ్మిది చాలు. గాయమని రాసెయ్యమ్మా" అని ఆ అమ్మాయితో చెప్పి వెళ్ళిపోయాడు.

మిషనక్క కౌంటరు పట్టుకుని నిలబడింది.

"గాయం ఎలా అయిందో కూడా రాయాలండీ" అంది అమ్మాయి.

మిషనక్క సిగ్గుపడుతూ జరిగింది చెప్పింది. ఆ అమ్మాయి అటు చూసింది. పెద్దాయన బొత్తాలన్నీ పెట్టుకుని, ఛాతీ విరుచుకుని ఫొటోకు నవ్వుతున్నాడు. తనూ నవ్వేసి, ఫారం నింపి సంతకానికి ముందుకు జరిపింది.

కారణమని ఉన్నచోట ఇలా రాసి ఉంది: 'తోటి దరఖాస్తుదారుడి కోటుకు బొత్తాం కుడుతుండగా.'

పదిహేడేళ్ళలో తన గురించి ఎన్ని కాగితాలు రాశారో. నంబరు రాశారు, వచ్చిన తేదీ రాశారు, ఎప్పటిదాకా ఉండొచ్చో రాశారు. ఆమె ఎలాంటి మనిషో మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. వెనకాల లైన్లో ఎవరో విసుక్కుంటున్నా వినిపించుకోకుండా, సంతకం పెట్టేముందు ఆ ఒక్క వరుసనీ మళ్ళీ మళ్ళీ చదువుకుంది.