శ్రద్ధ ఇచ్చిన తాడు

శ్రద్ధ మెడలో తాడు లేదన్న సంగతి తల్లి రాజమణి కంటే ముందు కళకు తెలుసు. నాలుగు రోజులుగా తెలుసు.

బడికి క్రిస్మస్ సెలవులిచ్చారు. మగ్గాల పనికి వలసొచ్చినవాళ్లు వరుస గదుల్లో ఉండే ఆ నార్పోలి చాల్‌లో తల్లులందరూ వెనక గల్లీ కార్ఖానాలో నూలు కండెలు చుట్టడానికి పోతారు. అక్కడి దూది దుమ్ములో పిల్లల్ని కూర్చోబెట్టలేరు. కళ తన గదిలో, ఆ ఒక్క ఖోలీలోనే ఉండి చీరలకు ఫాల్స్ కుడుతుంది కాబట్టి వైభవ్‌నూ పూనంనూ శ్రద్ధనూ ఆమె దగ్గర దింపి పోతున్నారు.

మూడేళ్ల కింద కొడుకు సాగర్ కామెర్లతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ప్రార్థన మందిరం నుంచి ఒకామె వచ్చి తొమ్మిది రోజులు కళ పక్కన కూర్చుంది. పిల్లవాడు కోలుకున్నాడు; అప్పటినుంచి కళ ఆదివారాలు మందిరానికి పోతోంది. అత్త కనకవ్వ దానికి అడ్డం చెప్పలేదు. పోచమ్మ పటం పక్కన కళ ఏసు క్యాలెండర్ తగిలిస్తానంటే, మేకు తానే కొట్టి ఇచ్చింది.

పిల్లను దింపిన మొదటిరోజే రాజమణి గుమ్మంలో ఆగి చెప్పింది. "కథలు చెప్పు అక్కా, పోరి మంచిగ ఇంటది. గని దాని తలకాయల ఇంకోటి ఎక్కియ్యకు. మా అత్తగారోళ్లు నన్ను బతకనియ్యరు."

"గట్లెందుకు జేస్త రాజమణీ? నన్ను ఎరుగవా?" అంది కళ.

ఏసు పుట్టిన కథ చెప్పేందుకు కండెల బుట్ట పశువుల తొట్టి అయింది. మగ్గాల కింద ఊడ్చి పారేసే నూలు చిక్కు అందులో గడ్డి అయింది. చిందీ గుడ్డపీలికలతో కళ బొమ్మ కుట్టి బాబును చేసింది.

"పెద్దమ్మా, బాళ్‌కు థండీ పెడ్తలేదా?" అని శ్రద్ధ తన స్వెటర్ విప్పి కప్పబోయింది.

దూరదేశపు జ్ఞానులు బాబుకు కానుకలు తెచ్చిన కథ చెప్పిన రోజు, మనమేమిద్దామని కళ అడిగింది. వైభవ్ తను ఆడుకునే గాజు గోటీ ఇచ్చాడు. పూనం జడక్లిప్పు ఇచ్చింది. శ్రద్ధ కాసేపు ఆలోచించి, మెడలోని నల్లతాడును తల మీదుగా తీసి బొమ్మ మెడలో వేసింది.

ఆ తాడు ఏమిటో కళకు తెలుసు. పోయినేడు శ్రద్ధకు ఫిట్స్ వచ్చినప్పుడు కనకవ్వ ఊరికి పోయి, పోచమ్మ దగ్గర పెట్టించి తెచ్చిన తాడు అది. మళ్లీ మొక్కు చెల్లించేదాకా తీయొద్దని చెప్పి పిల్ల మెడలో తానే కట్టింది.

తీసి ఇచ్చేయాల్సింది. కానీ ఐదేళ్ల పిల్ల తనకున్న వాటిలో విలువైనదాన్ని ఇచ్చిందని కళకు కళ్లు చెమ్మగిల్లాయి. తాడు తీసింది తాను కాదు, పిల్లే తీసిందన్న సంతోషం కూడా లోపల ఉంది. దాన్ని ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"బాబుకు శానా నచ్చింది బిడ్డా," అంది.

తాడు ఇచ్చిన నాలుగో రోజు పొద్దున శ్రద్ధకు జ్వరం వచ్చింది. డాక్టరు మందిచ్చి, ఒకసారి ఫిట్స్ వచ్చిన పిల్ల కాబట్టి జ్వరం పెరగకుండా తడిగుడ్డ వేస్తుండమన్నాడు. ఆ గుడ్డ వేయబోయినప్పుడే రాజమణి ఖాళీ మెడను చూసింది. పిల్ల మగతలో ఉంది, అడిగితే పలకలేదు.

"అక్కా, తాడు ఏడనో పడ్డది," అంటూ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ నల్లా దగ్గర వెతికారు. రాజమణి మోరీలో చెయ్యి పెట్టి బురద తీసింది. పక్కనే కూర్చుని కళ కూడా చెయ్యి పెట్టింది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది. చెబితే మర్నాడు పండుగకు ఒక్క పిల్లా రాదు. బురదలో ఆమె వేళ్లు ఊరికే కదిలాయి.

కళ తిరిగి తన ఖోలీకి వచ్చేసరికి కనకవ్వ బుట్ట ముందు కూర్చుని ఉంది. తాడు ఆమె చేతిలో ఉంది.

"మీ దేవుడు అడిగిండా దీన్ని?"

"అడగలే అత్తా."

"అడగనోనికి ఎందుకిచ్చినవ్?"

"నేనియ్యలే. పిల్లనే..."

"దానికేం తెల్సు? నీకు తెల్సు గదనే." కనకవ్వ గొంతు పెంచలేదు. "నడువు. ఉంచుకున్న చెయ్యే కట్టాలె."

మూడేళ్ల కింద కళ తన మెడలోని ఇటువంటి నల్లతాడును తానే తీసి పారేసింది. అటువంటివి మళ్లీ ముట్టనని మందిరంలో పదిమంది ముందు చెప్పింది. అయినా అత్త వెనకే పోయింది.

జరిగింది విని రాజమణి అరవలేదు. తడిగుడ్డను గిన్నెలో పిండి పక్కన పెట్టి కళ వైపు తిరిగింది.

"పిల్ల ఇచ్చిందంటే పాయె, పసిపోరి. నాతోని మోరీల చెయ్యి పెట్టి ఎతికినవ్ గదక్కా!"

కళ వంగి, పాత ముడి విప్పి తాడు కట్టింది. కొత్త ముడి రెండుసార్లు జారింది. శ్రద్ధ కళ్లు తెరిచింది.

"బాబు వద్దన్నడా, పెద్దమ్మా?"

"బాబు అడగనే లేదు బిడ్డా. నేనే ఉంచుకున్న."

రెండోరోజుకు జ్వరం తగ్గింది. తాడుతో తగ్గిందో మందుతో తగ్గిందో చాల్‌లో ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. క్రిస్మస్ రోజు కళ చేసిన సేమ్యా పాయసం గిన్నెలోనే మీగడ కట్టింది. వైభవ్ తలుపు ముందు నుంచే బంతి తన్నుకుంటూ పోయాడు, లోపలికి చూడలేదు. పండుగ మర్నాడు రాజమణి పిల్లను తనతో కార్ఖానాకు తీసుకుపోయింది.

మధ్యాహ్నం కనకవ్వ లేచి పోయి శ్రద్ధను ఎత్తుకొచ్చింది. పిల్ల కనురెప్పల మీద దూది. దగ్గుతోంది.

"నేను జూస్కుంటనంటే ఒప్పుకుంది," అంది కనకవ్వ. "నన్ను జూసి ఒప్పుకుంది, నిన్ను జూసి కాదు."

కళ తలూపి, చీరలోకి సూది దించింది. శ్రద్ధ బుట్ట దగ్గరికి పోయి కూర్చుంది.

"పెద్దమ్మా, రాజు సిపాయిలు బాళ్‌ను సంపెతందుకు ఎతుక్కుంట ఒచ్చిన్రు గదా. దొరికిండా?"

కథ అక్కడే ఆగిపోయి ఉంది. మిగతాది కళ నాలుక చివరనే ఉంది. ఆమె అత్త వైపు చూసింది. కనకవ్వ గోడ వైపు చూస్తోంది.

"మీ అమ్మనడిగి చెప్త బిడ్డా."

"అమ్మ వద్దంటే?"

కళ సూదిలోకి కొత్త దారం ఎక్కించింది. గోడ అవతల మగ్గాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. శ్రద్ధ బొమ్మను బుట్టలోంచి తీసి స్వెటర్‌లో చుట్టింది. మంచం కిందికి పాకి, బియ్యం డబ్బా వెనక దాన్ని దాచిపెట్టి వచ్చింది.