మా ఆయన పళ్ళెం కోసం లేచినప్పుడల్లా

పిల్లనివ్వమని అడగడానికి వచ్చే అబ్బాయిని ఎవరైనా ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడతారు. కాస్త డబ్బున్నవాళ్ళయితే చాపలు పరిచిన గదులుండే పెద్ద హోటల్‌కి పిలుస్తారు. మా ఆయన కోజో మాత్రం తెన్నోజీ స్టేషన్ ఎదురుగా ఎనిమిదో అంతస్తులో ఉన్న కమోమే బఫేకి రమ్మన్నాడు.

"ఏమయ్యా, మతుండే మాట్లాడుతున్నావా? ఆ పీతల మధ్య కూర్చుని అడుగుతాడా ఆ కుర్రాడు?" అన్నాను.

"మనకిష్టమైన చోటు కదే. మనమ్మాయి పుట్టినరోజులన్నీ అక్కడే చేశాం. ఆ అబ్బాయి కూడా కడుపునిండా తింటాడు పాపం," అన్నాడు, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ. మాది షట్టర్లు బాగుచేసే దుకాణం.

ఆ 'పాపం' సంగతి నాకు తెలియదా. బఫేలో ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు. ఎందుకు లేచావని అడిగేవాళ్ళుండరు. ఆ కుర్రాడు, సోహే, అడగబోయే మాట చెవిన పడితే ఈయన ఏదో ఒక జవాబు చెప్పాలి. సరేనంటే మా ఒక్కగానొక్క కూతురు చిజురు వచ్చే వసంతానికి ఎక్కడో ఉత్తరాన ఉన్న అకితా వెళ్ళిపోతుంది. చలికాలంలో మంచు కిటికీలదాకా పేరుకునే ఊరు అది. అక్కడ సోహే వాళ్ళది ముల్లంగిని పొగబెట్టి ఊరేసి అమ్మే వ్యాపారం, ఇప్పుడు కొడుకొచ్చి చూసుకోవాలంటున్నారు. కాదనడానికి మా ఆయన దగ్గర కారణమేమీ లేదు. అందుకని అసలు ఆ మాటే వినకుండా తప్పించుకుందామని ఆయన ఎత్తు.

నా బెంగ వేరు. సోహే మంచివాడే, కానీ మరీ మెతక. మా ఇంటికి వచ్చినప్పుడల్లా చూశాను. ఏం పెట్టినా 'అలాగేనండి', ఏమన్నా 'అవునండి'. కాదనడం ఆ అబ్బాయికి పుట్టుకతోనే రాలేదేమో అనిపించేది. గయ్యాళి అని పేరున్న అత్తగారి ఇంట్లో నా కూతురి తరఫున ఒక్క మాటైనా అంటాడా?

ఆదివారం సాయంత్రం మేం వెళ్ళేసరికి సోహే గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నల్ల సూటు, మెడకు బిగించిన టై. బఫేకి నడుం దగ్గర వదులుగా ఉండే బట్టలు వేసుకోవాలని మా పేటలో పసిపిల్లలకు కూడా తెలుసు. మా ఆయన అయితే పాత జేబుల ప్యాంటులో, బెల్టు కూడా లేకుండా వచ్చాడు.

ఇంకా కూర్చోనేలేదు, పక్క టేబుల్ ముసలామె సోహే కోటు చేయి పట్టుకుని లాగింది. "బాబూ, ఇక్కడ టీ అయిపోయింది, కాస్త చూడు."

"అలాగేనండి," అని వెళ్ళి టీ తెచ్చి పోశాడు. సూటు చూసి మేనేజరనుకుంది పాపం.

"చూశావా, ఉద్యోగం కూడా దొరికింది. ఇంక అకితా ఎందుకు?" అన్నాడు మా ఆయన.

"నాన్నా," అంది చిజురు పళ్ళు బిగించి.

అందరం సర్దుకున్నాక సోహే వీపు నిటారు చేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "నాన్నగారూ, ఇవాళ మీతో..."

"నీకు నేను నాన్ననెప్పుడయ్యానయ్యా?" అంటూనే మా ఆయన లేచాడు. "ఉండు, పీతలు అయిపోతాయి."

పీత కాళ్ళు గుట్టగా తెచ్చి సోహే ముందు పోశాడు. పీత తినేటప్పుడు మాట్లాడే మనిషిని నేనింతవరకూ చూడలేదు. కాలు విరిచి, సన్న పుల్లతో కండ లాగుతూ మేం నలుగురం చేతిపని చేసుకునేవాళ్ళలా తలలొంచుకుని కూర్చున్నాం. మా ఆయన మొహంలో ఆనందం చూడాలి. మధ్యలో ఒకసారి నాకు కన్ను కూడా గీటాడు.

పీతలు అయిపోయాయి. సోహే వేళ్ళు తుడుచుకుని మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు. నోరు తెరిచేలోగా మా ఆయన ఆక్టోపస్ ఉండలు తెచ్చేశాడు, అప్పుడే పెనం మీంచి తీసినవి. "వేడి మీదే తినాలి. ఇక్కడివాళ్ళెవరూ చల్లార్చుకు తినరు."

"అలాగేనండి," అని ఆ పిల్లాడు ఒకటి నోట్లో వేసుకున్నాడు. కళ్ళంట నీళ్ళొచ్చాయి. నోరు సగం తెరుచుకుని ఆవిర్లు వదిలాడే తప్ప మాట బయటికి రాలేదు.

"నాన్నా, నీ కుర్చీలో ముళ్ళేమైనా ఉన్నాయా?" అంది చిజురు.

"ఇవాళ ఆకలి దంచేస్తోందే."

"అయితే నువ్వు తిను. ఈయనకెందుకు కుక్కుతున్నావ్?"

"మర్యాద చెయ్యొద్దూ?"

సోహే మాత్రం పెట్టిందల్లా తిన్నాడు. వేయించిన రొయ్యలు తిన్నాడు. సుషీ తిన్నాడు. ఆపైన గిన్నెడు లావు నూడుల్స్ తిన్నాడు. టై వదులు చేసుకోమంటే చేసుకోలేదు. ప్రతి పళ్ళెమూ ఖాళీ చేసి, చాప్‌స్టిక్స్ వరసగా పెట్టి, 'నాన్నగారూ' అనేసరికి ఎదురుగా కుర్చీ ఖాళీ. తిని తిని ఆ పిల్లాడి మొహం తెల్లగా పాలిపోయింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. వద్దనవచ్చు కదా ఒక్కసారి? వేయించిన రొయ్యలకే వద్దనలేనివాడు రేపు వాళ్ళమ్మకేం చెబుతాడు?

అక్కడ తినడానికి గంటన్నరే గడువు, అందులో కొద్ది నిమిషాలే మిగిలాయి. సర్వర్ అమ్మాయి వచ్చి, ఏమైనా తెచ్చుకునేదుంటే ఇప్పుడే తెచ్చుకోమని నవ్వుతూ చెప్పింది. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. పొట్ట పట్టుకుని లేచి, "తీపి తినకుండా వెళితే ఎలా?" అంటూ ఐస్‌క్రీం మిషన్ వైపు నడిచాడు. నేను ఆ పక్కనే కాఫీ పట్టుకుంటున్నాను.

ఐస్‌క్రీం ఎవరిది వాళ్ళే పట్టుకోవాలి. ఒక చేత్తో మీట లాగి, రెండో చేత్తో కోను తిప్పుతూ ఉండాలి. మా ఆయన మీట లాగాడో లేదో, సోహే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి చేతిలో పళ్ళెం లేదు.

"నాన్నగారూ. మీకిష్టం లేకపోయినా అలాగే పిలుస్తాను."

మా ఆయన రెండు చేతులూ ఖాళీ లేవు. ఎటూ పోలేక కోను వంక చూస్తూ నిలబడ్డాడు.

"చిజురుని నాకిచ్చి పెళ్ళి చెయ్యండి. మా ఊళ్ళో చలి ఎక్కువ. మా అమ్మ నోరు పెద్దది. ఇవేవీ దాచను. పెళ్ళయ్యాక వేరే ఇంట్లో ఉంటామని అమ్మకి ముందే చెప్పేశాను. నెలరోజులు నాతో మాట్లాడలేదు. అయినా మాట మార్చుకోలేదు. చిజురుకి ఇక్కడికి రావాలనిపిస్తే వస్తుంది. వద్దనేవాళ్ళెవరైనా ఉంటే నాతో చెప్పుకోవాలి."

ఐస్‌క్రీం వస్తూనే ఉంది. మా ఆయన మీట వదలడం మరిచిపోయాడు. చుట్ట మీద చుట్ట పేరుకుని ఒకపక్కకి ఒరిగింది.

వెనక వరసలో ఉన్న పాప, "తాతా, పడిపోతుంది," అంది.

మా ఆయన మీట వదిలాడు. ఆ కోను సోహే ముందుకు చాపాడు. "ఇదిగో, ముందు ఇది తిను."

సోహే దానివంక చూశాడు. 

"వద్దండి," అన్నాడు. "ఇందాకట్నుంచి మీరు పెట్టిందంతా తిన్నాను. ఇక చాలు. నాకు జవాబు కావాలి."

కాఫీ కప్పు నిండి నా వేళ్ళ మీదకి పొర్లింది. వచ్చన్నమాట. ఈ పిల్లాడికి వద్దనడం వచ్చు, వాళ్ళమ్మ దగ్గర కూడా వచ్చు. నాలో ఇన్నాళ్ళుగా బిగుసుకుని ఉన్నదేదో చప్పున వదులైంది. అది వదులవగానే దాని కిందినుంచి ఇంకొకటి పైకి వచ్చింది. మా పిల్ల నిజంగానే వెళ్ళిపోతుంది.

మా ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కరిగిన ఐస్‌క్రీం ఆయన బొటనవేలి మీదకి కారుతోంది.

"ఇస్తానయ్యా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఇవ్వకేం చేస్తాను. కానీ ఇది తినేదాకా మా పిల్లే. ఆగు."

"అలాగేనండి," అన్నాడు సోహే. నడుం వంచి దణ్ణం పెట్టి, తల ఎత్తలేదు చాలాసేపు.

మా ఆయన గోడవారకి జరిగి తినడం మొదలుపెట్టాడు. నేను చాప్‌స్టిక్స్ తీసుకునేలోగా గిన్నెడు నూడుల్స్ ఊదేసే మనిషి, నాలుక చివరతో కొంచెం కొంచెంగా అద్దుకుంటున్నాడు. అవతల టేబుల్ దగ్గర చిజురు లేచి నిలబడి మావైపే చూస్తోంది. టైమైపోయిందని చెప్పడానికి వచ్చిన సర్వర్ అమ్మాయి ఎందుకో ఆగిపోయింది. ఆటపట్టించడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. అయినా ఆయన్ని ఆ కోనుతో అలా వదిలేశాను. 

పాప తన కోను నింపుకుని వెళ్ళింది. నేను కాఫీ పక్కన పెట్టి, ఒక కోను తీసుకుని మీట లాగాను. మా ఆయనదానికన్నా పొడుగ్గా వచ్చేదాకా వదల్లేదు.