యాప్‌లు నేర్పే లావు పుస్తకం

మా ఇంట్లో ఒక నియమం ఉంది. చేతిలో పుస్తకం ఉన్న మనిషికి పని చెప్పకూడదు. మా మామయ్య సీతారామయ్య గారు ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసి రిటైరయ్యారు. మా ఆయన సుధీంద్ర ఇంటర్ చదివే రోజుల్లో ఆయన పెట్టిన నియమమట ఇది. కొడుకు చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, నాతో పెళ్ళయింది, మాకు పుట్టిన పాప ఒకటో తరగతికి వచ్చింది. మామయ్య రిటైరైనా నియమం రిటైర్ కాలేదు. ఇప్పుడు దాన్ని పూర్తిగా అనుభవిస్తున్నది ఆయనే. పొద్దున పేపరు, టిఫిన్ తర్వాత చరిత్ర, భోజనం తర్వాత ఎవరిదో జీవితచరిత్ర. గ్యాస్ బండ తెచ్చినవాడు బెల్లు కొట్టి కొట్టి అలసిపోయినా ఆయన లేవరు. లేవమని ఎవరూ అనరు.

ఫోను ఈ నియమంలోకి రాదు. లాప్‌టాప్ కూడా రాదు, సుధీంద్రది తప్ప. అది ఆఫీసుది కాబట్టి దానికి మర్యాద ఎక్కువ. నేను ఫోన్లో పాఠం వింటూ కూర్చుంటే మామయ్య కళ్ళద్దాల మీంచి చూసి, "ఖాళీగనే ఉన్నవు గదమ్మా, జర ఆ కరెంటు బిల్లు సంగతి చూడరాదు" అంటారు. ఆయన చెడ్డవారు కాదు. ఫోన్లో చదువు ఉంటుందని ఆయనకు నమ్మకం లేదు, అంతే. కానీ నాకు మాత్రం ఒళ్ళు మండేది.

అలాంటి ఇంట్లో ఉండగా గీతిక ఫోన్ చేసింది. పాప పుట్టకముందు మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం. ఇప్పుడు తను నాచారంలో, ఒక మందుల గోదాము పైన రెండు గదులు తీసుకొని, బడులకూ అపార్ట్‌మెంట్లకూ యాప్‌లు తయారుచేసిచ్చే చిన్న కంపెనీ నడుపుతోంది.

"నాకొక మనిషి కావాలె హరిణీ," అంది. "నెలాఖరుకు ఒక చిన్న యాప్ నీ చేతులతోని చేసి చూపెట్టు. నడిస్తే ఉద్యోగం నీదే. నడవకపోతే వేరేటోళ్ళను తీసుకుంట, ఏమనుకోకు."

నాకు యాప్‌లలో తప్పులు పట్టడమే తెలుసు. పాత ఉద్యోగంలో నా పని అదే. తయారుచేయడం తెలియదు. అయినా ఈ ఉద్యోగం నాకు కావాలి. మా వీధిలో ఎవరైనా కొత్తవాళ్ళు "మీ కోడలు ఏం చేస్తది?" అని అడిగితే అత్తమ్మ "ఇంట్లనే ఉంటది" అని చెబుతుంది. అది నిజమే. ఆ నిజం విన్న ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది.

"పాఠాలన్ని ఆన్‌లైన్ల ఫ్రీగ ఉన్నయి. పుస్తకమే కావాలంటే ఏ సంవత్సరందో చూసి కొనుక్కో," అని కూడా చెప్పింది గీతిక. నేను రెండో మాట సగమే విన్నాను. పుస్తకం అనగానే మా ఇంటి నియమం గుర్తొచ్చింది.

మర్నాడు పాపను బడిలో దింపి, అటునుంచి అటే ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బిక్షపతి పుస్తకాల దుకాణానికి వెళ్ళాను. ఆయన దగ్గర కొత్తవీ పాతవీ అన్నీ దొరుకుతాయి. "ఏ పరీక్షకు మేడం?" అన్నాడు నన్ను చూడగానే. పరీక్ష కాదు, మొబైల్ యాప్‌లు చేయడం నేర్చుకోవాలని చెప్పాను. ఆయన స్టూలెక్కి, దుమ్ము దులిపి, మూడు పుస్తకాలు కౌంటరు మీద పెట్టాడు.

మొదటిది సన్నది. రంగురంగుల బొమ్మలు, పెద్ద అక్షరాలు, ఈ మధ్యే అచ్చయింది. రెండోది కాలేజీ పరీక్షకు ప్రశ్నలూ జవాబులూ ఉన్నది. మూడోది గట్టి అట్టతో, తలకింద పెట్టుకొని పడుకోవచ్చనిపించేంత లావుగా ఉంది.

"సన్నదే తీస్కపోతున్నరు మేడం అందరు," అన్నాడు బిక్షపతి. "లావుది జర పాతది. నేనైతే తీస్కోమని చెప్ప."

మనిషి నిజాయితీగానే చెప్పాడు. కానీ ఆయనకు మా మామయ్య తెలియదు గదా. మా మామయ్య దృష్టిలో నిలబెడితే నిలబడని పుస్తకం అసలు పుస్తకమే కాదు. అలాంటివాటిని ఆయన కరపత్రాలంటారు. సన్నది పట్టుకొని కూర్చుంటే "వంటయినంక చూసుకోవచ్చు గదమ్మా దీన్ని" అంటారు, నాకు తెలుసు. అందుకని మూడింటినీ కౌంటరు మీద నిలబెట్టి చూశాను. మొదటి రెండూ పడిపోయాయి. లావుది నిలబడింది.

"పుస్తకాన్ని గిట్ల సూసి కొనెటోళ్ళను మిమ్మల్నే సూసిన," అన్నాడు బిక్షపతి సంచిలో పెడుతూ.

నేను అనుకున్నట్టే అయింది. మామయ్య దాన్ని రెండు చేతులతో అందుకొని బరువు చూశారు. మొహం వెలిగింది. అప్పటికప్పుడు ఖాకీ కాగితం తెప్పించి తనే అట్ట వేశారు. "మొదటి పేజీ నుంచి చదువమ్మా. నడుమల దుంకొద్దు," అని చెప్పి, వంటింటి వైపు తిరిగి, "ఛాయా, హరిణి చదువుకుంటున్నది" అని ప్రకటించారు. అత్తమ్మ లోపల్నుంచి "మంచిగ చదువుకోనీ" అంది. అంతే. ఆ రోజు నుంచి నన్నెవరూ పిలవలేదు. కూరగాయలకు పిలవలేదు, బట్టలకు పిలవలేదు, పాప బడినుంచి వస్తే తలుపు తీయడానికి కూడా పిలవలేదు. ఇంత సుఖం ఉంటుందని తెలిస్తే పెళ్ళయిన మర్నాడే ఒక నిఘంటువు కొనుక్కునేదాన్ని.

చిక్కు పుస్తకంలోనే వచ్చింది. మొదటి అభ్యాసంలో ఫలానా మెనూలోకి వెళ్ళి ఫలానా బటన్ నొక్కమని ఉంది. నా లాప్‌టాప్ తెర మీద ఆ మెనూ లేదు, ఆ బటనూ లేదు. రెండోదీ అంతే. అక్షరం పొల్లుపోకుండా కొట్టినా తప్పని చెప్పే ఎర్రగీతలే. బుద్ధి తక్కువై నాకే అర్థం కావడం లేదేమోనని రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి గీతికకు ఫోన్ చేశాను.

"ఏ సంవత్సరందే ఆ పుస్తకం?" అంది.

చూసి చెప్పాను. అవతల నవ్వు ఆగలేదు. "మీ పాప పుట్టకముందుదా? ఆ పద్ధతి ఇప్పుడెవరు వాడుతలేరే. దాన్ని పక్కన పడేసి ఆన్‌లైన్ల చూసి చేస్కో."

పడేయడం ఎలా కుదురుతుంది? అది ఉంటేనే గదా నేను కూర్చోగలిగేది. అందుకని భోజనాల బల్ల మీద పుస్తకాన్ని తెరిచి నిలబెట్టి, దాని వెనక లాప్‌టాప్ పెట్టుకున్నాను. సోఫాలోంచి మామయ్యకు ఖాకీ అట్ట మాత్రమే కనిపిస్తుంది. ఆయన అక్కడ చదువుకుంటుంటారు, నేను ఇక్కడ ఆన్‌లైన్‌లో పాఠాలు చూస్తూ యాప్ కడుతుంటాను. మా వీధికి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ ఒక్కోసారి ఒక్కో వేళకు. నీళ్ళు వదిలేవాళ్ళు ఇచ్చే పట్టికను బట్టి అవి ఎప్పుడొస్తాయో చెప్పి, వచ్చే ముందు బెల్లు కొట్టే యాప్ చేద్దామనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం అత్తమ్మ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి, నా చెవి దగ్గరకు వంగింది.

"జర పేజీలు తిప్పుతుండు బిడ్డా. మామయ్య సూస్తడు."

"మీకెట్ల తెలుసు అత్తమ్మా?"

"మూడు దినాల సంది గదే బొమ్మ కనబడుతుంది. నాకు కండ్లు లేవా ఏంది?" అని, తనే ఒక పేజీ తిప్పి, "నీ పని నువ్వు చేస్కో" అంటూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను మర్చిపోయినా ఆమె మర్చిపోలేదు. చీపురుతో అటు వెళ్తూ ఒక పేజీ, ఆరిన బట్టలతో ఇటు వస్తూ ఒక పేజీ తిప్పేది. అలా మా ఇద్దరి చేతుల్లో ఆ పుస్తకం మూడు వంతులు పూర్తయింది. అత్తమ్మ అంత సరదా మనిషని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గోడ పట్టుకొని నడుస్తోందని మాత్రం ఒకటి రెండుసార్లు గమనించాను. ఫిజియోథెరపీ చేయించుకుంటున్న మోకాలు ఇంకా నొప్పా అని అడిగితే, "కూసుంటే లేస్తే గట్లనే ఉంటది, ఫికర్ చెయ్యకు" అంది. నేనూ సరేననుకున్నాను. అప్పుడు నా బుర్ర నిండా మోగాల్సిన వేళకు మోగని బెల్లే ఉంది.

చివరికి బెల్లు మోగింది. నెలాఖరున నాచారం వెళ్ళి గీతిక ముందు ఫోను పెట్టాను. తను దాన్ని పెట్టని తిప్పలు లేవు. తారీఖు మార్చింది, ఇంటర్నెట్ ఆపింది, ఫోను అడ్డంగా తిప్పింది, ఒకే బటన్‌ను కోపంగా పదిసార్లు నొక్కింది. యాప్ నడిచింది. "ఒకటో తారీఖు సంది వచ్చేయ్," అంది. నేను మెట్లు దిగుతుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఉప్పల్ ఆటో కోసం మెయిన్ రోడ్డు మీదికి నడిచాను. దారిలో ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. అక్కడ పనిచేసే సంతోషి గుమ్మంలో నిలబడి ఉంది. అత్తమ్మ మోకాలికి చికిత్స మొదలుపెట్టినప్పుడు తీసుకొచ్చింది నేనే కాబట్టి నన్ను గుర్తుపట్టింది.

"అక్కా, పెద్దమ్మ వస్తలేరేంది?" అని అడిగింది. "నడుమల ఆపితే మళ్ళ బిగుసుకపోతదని చెప్పిన గదా. నెల సంది రాలే. ఫోన్ చేస్తే, మా కోడలు సదువుకుంటున్నది, అయినంక వస్త అన్నరు."

ఆటోలో కూర్చున్నాక సంతోషం ఎటు పోయిందో పోయింది. నా మీద నాకు కోపమొచ్చింది. ఆ కోపంలో పెద్ద వాటా మా ఇంటి నియమానికి ఇచ్చాను.

ఇంటికొచ్చి ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మామయ్య లేచి నిలబడ్డారు. పుస్తకం చేతిలో ఉండగా ఆయన లేవడం నేను చూడటం అదే మొదటిసారి. "నేను చెప్పలే? పుస్తకం ఎన్నడు మోసం చెయ్యదు," అంటూ బల్ల మీది లావు పుస్తకాన్ని తీసుకెళ్ళి, తనకిష్టమైనవి పెట్టుకునే బీరువాలో చోటు చేయబోయారు.

"మామయ్యా, ఆ పుస్తకం నాకు ఒక్క ముక్క కూడ పనికి రాలే," అన్నాను. "అది ఎప్పటిదో. నేను నేర్చుకున్నదంత లాప్‌టాప్‌లనే. దీన్ని అడ్డం పెట్టుకున్న, అంతే. నాకు ఉద్యోగం ఇప్పించింది అత్తమ్మ. నెల సంది వంట, ఇల్లు, పాప, అన్ని ఆమెనే చూసుకున్నది. మోకాలి చికిత్సకు పోవుడు కూడ బంద్ పెట్టింది. నాకు ఇయ్యాలనే తెలిసింది."

మామయ్య పుస్తకం పట్టుకొనే వంటింటి గుమ్మం దాకా నడిచారు. అత్తమ్మ స్టవ్ ముందు, ఒక కాలి మీద బరువు వేసి, పప్పు కలుపుతోంది.

"నాకెందుకు చెప్పలే ఛాయా?" అన్నారు. ఆయన నిజంగానే అర్థంకాక అడుగుతున్నారు. "నేను తోల్కపోయెటోన్ని గదా. దినామంత ఇంట్లనే ఉంటి."

అత్తమ్మ మంట తగ్గించి, కోపమేమీ లేకుండా ఆయన వైపు తిరిగింది.

"మీరు చదువుకుంటున్రు గదా," అంది.