బండ మీది ఉడుము

చందానగర్ దాటి శేరిలింగంపల్లి వైపు వస్తుంటే కొత్తగా లేచిన కాలనీలో విశ్వేశ్వరరావుగారి ఇల్లే చివరిది. పెరటి గోడ అవతల బండలూ తుప్పలూ తప్ప మరేమీ లేవు. పునాదులు తీసేటప్పుడు కదలని ఏనుగంత బండ ఒకటి గోడకు ఇవతలే ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా ఆయనకు చిరాకు. ఆ చోట్లో నాలుగు కొబ్బరి మొక్కలు వచ్చేవనేవాడు.

ఆయన భార్య భ్రమరాంబకు ఆ బండే కాలక్షేపమైంది. తణుకులో పదహారేళ్ళు సైన్సు పాఠాలు చెప్పిన మనిషి. భర్తకు బదిలీ అయితే ఉద్యోగం మానేసి వెంట వచ్చింది. పలకరించే దిక్కులేక పెరటి మెట్ల మీద కూర్చుంటే, ఎండపొడలో తల ఆడిస్తూ మెడ ఎర్రబార్చుకునే తొండలు కనబడ్డాయి. రాలిన ఆకుల కింద నున్నగా జారిపోయే నలికిరులు కనబడ్డాయి. ఒక నోటుబుక్కు పెట్టి, ఏ రోజు ఏది కనిపించిందో రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆమెకు చూడడం నేర్పింది మాత్రం సక్కుబాయి. కాలనీలో నాలుగిళ్ళలో పనిచేసేది. పుట్టి పెరిగింది ఆ బండల పక్క బస్తీలోనే. భర్త లింగమూర్తి రాళ్ళు కొట్టేవాడు.

"గట్ల దేవులాడితె కానరాదమ్మా. ఊకె బండ దిక్కు చూస్తుండు. అదే కదుల్తది" అనేది. పని అయ్యాక ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ బండను చూసేవారు. హైదరాబాదులో భ్రమరాంబకు దొరికిన మొదటి స్నేహం అది. అయితే స్నేహమన్న మాట ఆమె ఎన్నడూ పైకి అనలేదు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీల భవనాల కోసం బండలు పేలుస్తున్నారు. మధ్యాహ్నమైతే కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఆ చప్పుళ్ళకు బెదిరిన జీవాలన్నీ ఇటే వస్తున్నాయనేది సక్కుబాయి. ఒక ఉదయం చీపురు కింద పెట్టి చెయ్యి ఊపింది.

"జర మెల్లగ రా అమ్మా. ఉడుము!"

బండ పగులులోంచి ముందు తల వచ్చింది, తర్వాత రెండుగా చీలిన నాలుక, ఆ తర్వాత బారెడు ఒళ్ళు. మట్టిరంగు చర్మం మడతలు పడి ఉంది. తాపీగా పైకి పాకి, ఎండకు పొట్ట ఆనించి పడుకుంది. భ్రమరాంబ ఊపిరి బిగబట్టి చూసింది. పదహారేళ్ళు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పిన జంతువు తన పెరట్లో ఉంది! ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. ఎదురింటి శారదమ్మకు చెప్పింది. ఆదివారం ఇంటికి వచ్చిన భర్త స్నేహితుడు వెంకటనారాయణకు కూడా చెప్పింది.

దాదాపు రెండు నెలలు ఉడుము రోజూ వచ్చింది. శ్రావణమాసంలో భ్రమరాంబ పిన్ని కూతురి పెళ్ళికి తణుకు వెళ్ళి, ఐదోరోజున తిరిగొచ్చింది. బండ ఖాళీగా ఉంది. మర్నాడూ ఖాళీయే. మూడోనాడు పగులు దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే, తెగిన ఉచ్చుతాడు ముక్క ఒకటి దొరికింది.

"నేను లేనప్పుడు పెరట్లోకి ఎవరొచ్చారండీ?" అని భర్తను అడిగింది.

ఆయన పేపరు మడవలేదు. "ఎవరొస్తారు? రోజూ వచ్చే సక్కుబాయే. వాళ్ళు ఉడుముల్ని వదుల్తారా? నువ్వే దానికి ఊరంతా దండోరా వేశావు."

ఆ మాట భ్రమరాంబ లోపల ఎక్కడో గుచ్చుకుంది. సక్కుబాయి గేటు తీసుకుని రాగానే తాడు ముక్క ముందుకు చాచింది. ఎదురింటి వాకిట్లో శారదమ్మ ముగ్గు వేస్తోంది.

"ఇదేమిటి సక్కుబాయీ? నమ్మి ఇల్లు అప్పగిస్తే ఇదా నువ్వు చేసేది?"

సక్కుబాయి తాడు వంక, ఆ తర్వాత భ్రమరాంబ ముఖం వంక చూసింది. "తినేటోళ్ళమే అమ్మా. అబద్ధమెందుకు, చిన్నప్పుడు మస్తుగ తిన్న. గని నువ్వు గంత ముచ్చటగ చూసుకునేదాన్ని నేనెట్ల తింట?"

"మరెవరు తీశారు?"

సక్కుబాయి పెదవి విప్పబోయి ఆగిపోయింది. ఇంట్లోంచి విశ్వేశ్వరరావు దగ్గు వినిపించింది. కొంగు దులుపుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా మిగిలిన మూడిళ్ళూ ఆమెను మానిపించేశాయి. దొంగబుద్ధి ఉన్న మనిషని కాలనీ అంతా చెప్పుకుంది.

వినాయక చవితి ముందు విశ్వేశ్వరరావు ఒక చిన్న సీసా తెచ్చాడు. మోకాళ్ళ నొప్పులకు ఏదో నాటు నూనె, వెంకటనారాయణ తెప్పించాడన్నాడు. రోజూ పొద్దున్నే భ్రమరాంబే దాన్ని వేడి చేసి ఆయన మోకాళ్ళకు మర్దనా చేసేది. నీచు వాసన వేసేది. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా పోయేది కాదు.

దసరా సెలవుల్లో వెంకటనారాయణ వచ్చాడు. కాఫీ అందుకుంటూ నవ్వాడు.

"మెట్లు చకచకా దిగుతున్నాడే మావాడు! ఉడుము కొవ్వంటే మాటలా అండీ? మీ పెరట్లోదే కదా, అసలు సరుకు. నేను పంపిన వేటగాడు యాదయ్య ఒక్క పూటలో పట్టేశాడు."

భ్రమరాంబ పళ్ళెం కింద పెట్టి, అరచేతులు కొంగుకు తుడుచుకుంది. వెంకటనారాయణ వెళ్ళాక భర్త ముందు నిలబడింది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే రాద్ధాంతం చేస్తావని."

"మరి సక్కుబాయి మీదికి ఎందుకు తోశారు?"

"నేనేం తోశాను? మాటవరసకు అన్నాను. అరిచింది నువ్వు." ఆయన కాళ్ళు చాచుకున్నాడు. "పనిమనిషే కదా. ఇంకో మనిషి దొరికింది కదా మనకు!"

మర్నాడు ఉదయం భ్రమరాంబ బండల దారిన నడిచి బస్తీకి వెళ్ళింది. సక్కుబాయి తట్టా గడ్డపారా సర్దుకుంటోంది. భర్తతో పాటు మాదాపూర్లో కూలికి పోతోందిప్పుడు. అరచేతులకు గుడ్డపేలికలు చుట్టుకుంది.

"తప్పు చేశాను సక్కుబాయీ. అది చేయించింది మా ఆయన."

"నాకెరుకే. యాదయ్యను ఎంబడి వెట్టుకొని అయ్య పెరట్లకు పోతుంటె చూసిన."

"ఆ రోజే చెప్పొచ్చుగా!"

"చెప్తె నమ్ముదువా? మొగడి మాట ఇడిసి నా మాట వింటుంటివా?"

"మళ్ళీ పనిలోకి రా" అంది భ్రమరాంబ గొంతు తగ్గించి.

"నన్ను దొంగను చేసింది వాకిట్ల, అందరి ముందట. మాఫీ ఈడ ఒంటిగ అడుగుతున్నవు. పొయ్యి ఆ శారదమ్మకు చెప్పు. తర్వాత సూద్దాం." తట్ట నెత్తికెత్తుకుని సక్కుబాయి నడిచిపోయింది.

భ్రమరాంబ తిన్నగా శారదమ్మ ఇంటికే వెళ్ళింది. దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. తీరా గుమ్మంలో నిలబడేసరికి, ఉడుమును చంపడం నేరమన్న సంగతి గుర్తొచ్చింది. ఆమే పిల్లలకు చెప్పిన పాఠం. భర్తది గవర్నమెంటు ఉద్యోగం.

"సక్కుబాయి తప్పేమీ లేదండీ" అంది.

"అయ్యో, మరి ఎవరట?"

"తెలియదండీ."

శారదమ్మ జాలిగా నవ్వింది. "మీ మెతకదనం వల్లే వాళ్ళు అలా తయారయ్యేది. ఎవరో తెలియకుండా తను కాదని ఎలా చెప్తారు? కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని."

కూర్చుంది. కాఫీ తాగింది. ఇంటికి వచ్చేసరికి విశ్వేశ్వరరావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"శారదమ్మగారితో ఏం చెప్పావ్?"

"ఏమీ చెప్పలేదు."

ఆయన ముఖం విప్పారింది. పెళ్ళయిన పాతికేళ్ళలో ఎన్నడూ లేనిది, ఆమె భుజం తట్టాడు. "మంచి పని చేశావు" అన్నాడు.