ఎరుపు లేదు

పడక పుండ్ల చార్టులో ఆ గడి ఎవడు గీశాడోగానీ వాడి చేతులు పడిపోను! "వీపున ఎరుపు: ఉంది, లేదు." చిట్టియ్యకి ఎరుపెలా కనబడుతుంది? ముప్పైయేళ్ళు ఉప్పాడ సముద్రం మీద వేటాడిన నల్లటి ఒళ్ళు. నాది ఇంకా నలుపు. కాకినాడలో నేను పనిచేసే ఈ ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను సంపూర్ణమ్మ అని పిలిచేవాళ్ళకంటే "ఆ నల్ల నర్సు" అనేవాళ్ళే ఎక్కువ.

చిట్టియ్య పడవలో జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. నడుం కింద స్పర్శ లేదు, నొప్పి పుట్టినా తెలీదు. నాలుగు రోజుల కిందట ఒళ్ళు తుడుస్తుంటే ముడ్డిపూస దగ్గర నా అరచేతికి వేడి తగిలింది. అక్కడ కండ గట్టిపడింది. లోపల పుండు మొదలైందని నాకు తెలిసిపోయింది.

"నీళ్ళ పరుపు వేయించండి సార్," అన్నాను.

"ఎరుపు లేదు కదమ్మా," అన్నారు డాక్టర్ శ్రీనివాసరాజుగారు, మంచానికి దూరంగా నిలబడే.

"ఒక్కసారి చేత్తో చూడండి సార్."

"నాకు నేర్పుతావేంటి? లేదని రాసి సంతకం పెట్టు."

ఆసుపత్రికంతా ఉన్నది ఒకటే నీళ్ళ పరుపు. అది పై గదిలో బుల్లెమ్మగారి కింద ఉంది. ఆవిడది పచ్చని ఛాయ. నడుం కాస్త ఎర్రగా కందగానే పరుగులెత్తి వేశారు. అది తగ్గి వారమైనా తియ్యలేదు.

సంతకం పెట్టాను. నాలుగు రోజులూ పెట్టాను. ఎదురు చెప్పిన నర్సుని కిందటేడు వారంలో పంపించేశారు మరి. ఇప్పుడు నిజం చెబితే ఆ నాలుగు సంతకాలే నా మెడకు చుట్టుకుంటాయి. చెప్పకపోతే పుండు ఎముకదాకా పోతుంది.

ఈలోగా నర్సుల దినోత్సవం వచ్చింది. ఏడాదిగా మా వార్డులో ఒక్కరికీ పడక పుండు రాలేదని నాకు సన్మానం! వార్డులోనే డాక్టరుగారు శాలువా కప్పారు.

"మా సంపూర్ణమ్మగారి హస్తవాసి అలాంటిది," అన్నారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చిట్టియ్య పెళ్ళాం పావని. "మా నర్సమ్మగారండీ!" అని పక్కవాళ్ళతో గొప్పగా చెప్పుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరుగారి చెయ్యి పట్టుకుని చిట్టియ్య మంచం దగ్గరికి లాక్కెళ్ళాను. ఫొటో కోసమనుకుని నవ్వుతూ వచ్చారు. చిట్టియ్యని పక్కకు తిప్పి ఆయన అరచేతిని ముడ్డిపూస దగ్గర ఆనించాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగు రోజులండి. లేదని రాసింది నేనేనండి."

"పరుపు దింపండి కిందికి!" అని అరిచారాయన.

పరుపు వచ్చింది. నలుగురం కలిసి చిట్టియ్యని దాని మీదికి చేర్చాం. పావని తలవైపు పట్టుకుంది. భుజాన శాలువా జారుతోంటే వెనక్కి తోసుకున్నాను. అప్పుడడిగింది పావని మెల్లగా.

"మీకు ముందే తెలుసాండీ?"

"తెలుసమ్మా," అన్నాను.