వెండి తీసి తూచండి

నేనొక కాటాను. కూరగాయలు తూచేదాన్ని కాదు, పసిపిల్లల్ని తూచేదాన్ని. నన్ను బిగించిన మేస్త్రీ నా ముల్లును సున్నా దగ్గర నిలబెట్టి, "ఎవ్వని మొఖం చూసి జరగొద్దు" అన్నాడు. జరగలేదు. ఆ సంగతి ఎవరి ముందైనా చెప్తాను.

జనగామలో పిల్లల డాక్టరు వకుళమ్మ నన్ను కొనుక్కుంది. ఒంటిమీద నూలుపోగు లేకుండా పడుకోబెట్టాలని ఆమె నియమం. ఎంతమంది నా పళ్లెం తడిపారో లెక్కలేదు. దానికి నేనేమీ అనుకోలేదు. నాకు కోపం తెప్పించింది పెద్దవాళ్లే.

కొంరవ్వ తన మనవడు మన్విత్‌ను మూడో నెలలో తెచ్చింది. ఐదు కిలోల నాలుగు వందలు చూపించాను. నాలుగో నెలలో వాడికి వెండి మొలతాడు వచ్చింది, ఐదో నెలలో కడియాలు. "తియ్యొద్దు బిడ్డా, దిష్టి తగుల్తది" అంటే నర్సు ఫిలోమినా మొహమాటపడి అలాగే తూచింది. ముల్లు ప్రతినెలా కాస్త ముందుకు జరిగింది. కొంరవ్వ వరండా అంతా వినబడేలా మురిసింది. నేను అబద్ధం చెప్పలేదు, నా మీద పెట్టినదాన్నే చెప్పాను. పెరిగింది వెండి.

ఆరో నెలలో వకుళమ్మ వాడి తొడ చర్మాన్ని వేళ్లతో పట్టి చూసింది. వదులుగా వేలాడింది.

"అన్నీ తియ్యి ఫిలోమినా."

"గదేంది డాక్టరమ్మా! నలుగుర్ల పిల్లగాన్ని బోసిగ పండవెడ్తరా?" కొంరవ్వ గయ్యిమంది.

"అవ్వా, నేను వెండికి మందు రాయ. పిల్లగానికి రాస్త."

ఐదు కిలోల రెండు వందలు. మూడు నెలలు గడిచాయి, వాడు తగ్గాడు. ఆ అంకె చూపించడానికి నాకు ఏడుపొచ్చింది, అయినా చూపించాను. వాడి తల్లి స్రవంతి అప్పుడు నోరు విప్పింది. "నేను చెప్తనే ఉన్న మేడం. నాకు పాలు సాల్తలేవు. అరగవని అత్తమ్మ డబ్బపాలల్ల నీళ్లెక్కువ కలుపుతది."

ఎవరూ కొంరవ్వను తిట్టలేదు. వకుళమ్మ ఆమెనే ఎదురుగా కూర్చోబెట్టి, ఎన్ని నీళ్లకు ఎన్ని చెంచాల పొడో ఆమె చేతే మూడుసార్లు కలిపించింది. వారం వారం రమ్మంది. రెండు నెలల తర్వాత కొంరవ్వ తానే మొలతాడు, కడియాలు తీసి కొంగున ముడేసుకుని, వరుసలో ఉన్నవాళ్ల మీద కేకేసింది. "తియ్యిండ్రి అన్నీ! కాటా ముందట షోకులు నడవయి." నా ముల్లు ఆరున్నర దాటింది. ఆ రోజు నేను గర్వపడ్డాను, సిగ్గేమీ లేదు.

ఇప్పుడు అంకెలు వెలిగే కొత్త కాటా వచ్చింది. నా స్ప్రింగు సాగిందట. వకుళమ్మ నా పళ్లెం తుడిచి, కాసేపు చెయ్యి దాని మీదే ఉంచి, పాత సామానువాడికి అప్పగించింది. వాడు నన్ను గోనెసంచితో సహా తన కాటా మీదికి ఎత్తాడు.

సంచి తీసి తూచవయ్యా. నా బరువే నాకు చాలు.